పంచాంగం చూసి తెచ్చిన కోడిపిల్లలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరికైనా అంతేననుకుంటాను. ఒక చేతిలో డిగ్రీ పట్టా, ఇంకో చేతిలో ఫోను, ఆ ఫోనులో లోకంలో ఉన్న విద్యలన్నీ పదేసి నిమిషాల వీడియోలుగా. కోళ్ళ పెంపకం మీద నేను చూసినవే వందకి పైగా ఉంటాయి. (ఆ ముందు నెల పుట్టగొడుగుల మీద చూశాను, దానికి ముందు నెల కొవ్వొత్తుల మీద. అవి మొదలుపెట్టకముందే ముగిశాయి కాబట్టి వాటి జోలికి పోను.) ఇప్పుడు నందివెలుగులో గుడ్ల కోళ్ళ షెడ్డు నడుపుతూ, ఎవరైనా ఏదైనా అడిగితే "తెలియదండి, కనుక్కుని చెప్తాను" అని హాయిగా అనగలుగుతున్నాను. ఆ మాట అనడం నాకు వీడియోలు నేర్పలేదు. వంద కోడిపిల్లలూ, ఒక పంచాంగమూ నేర్పాయి.

మా ఇల్లు తెనాలిలో. నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. మాంసం సంగతి అలా ఉంచండి, గుడ్డు అనే మాట కూడా మా వంటింటి గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. పుట్టినరోజుకి కేకు కొనేటప్పుడు నాన్నగారు బేకరీ అతని మీదికి వంగి, గొంతు తగ్గించి, "ఇందులో అది వెయ్యలేదు కదా?" అని అడిగేవారు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను కోళ్ళ వైపు వెళ్ళడానికి కారణం కోళ్ళ మీద ప్రేమ కాదు, హైదరాబాద్ అంటే భయం. డిగ్రీ అవగానే నన్ను అక్కడికి పంపి కంప్యూటర్ కోర్సు చేయించాలని నాన్నగారు నిశ్చయించారు. మా పెద్దనాన్నగారి అమ్మాయి అప్పటికే అక్కడ ఉంటే, ఒకసారి వెళ్ళి రెండు రోజులు దాని హాస్టల్లో ఉండి వచ్చాను. గదిలో ఆరు మంచాలు, ఒక కిటికీ. ఆ కిటికీ తెరిస్తే పక్క హాస్టలు కిటికీ. ఆ రెండు రోజులూ నాకు ఊపిరాడలేదు. నాకు మా ఊరే కావాలి, సాయంత్రం కాలవ వైపు నుంచి వచ్చే గాలి కావాలి, మా అమ్మ కేకేస్తే వినిపించేంత దూరంలో ఉండాలి. ఇంత చిన్న కారణం పెద్దవాళ్ళకి చెప్పలేం కదా! అందుకని "నేను ఇక్కడే ఉండి ఏదో ఒకటి చేస్తాను నాన్నగారూ" అన్నాను, చాలా గంభీరంగా. "ఏం చేస్తావమ్మా?" అని ఆయన మామూలుగానే అడిగారు.

జవాబు పాలతోపాటు వచ్చింది. అంగలకుదురు నుంచి మాకు పాలు పోసే పిన్ని ఒకావిడ ఉండేది. వరసకి ఏమీ కాదు, చిన్నప్పటి నుంచి పిన్ని అని పిలవడమే. మోకాళ్ళ నొప్పులు ఎక్కువై ఆ ఏడాది గేదెల్ని అమ్మేసింది. ఆఖరి రోజు పాలు పోసి, "గొడ్లచావిడి ఖాళీగా చూస్తుంటే నాకేం తోచటంలా బుజ్జీ. నువ్వన్నా ఏదో ఒకటి పెంచరాదూ?" అంది. మాటవరసకి అన్నదే. నేను మాత్రం దైవవాక్యంలా పట్టుకున్నాను. మర్నాటికల్లా నా దగ్గర నోటుబుక్కులో పెద్ద ప్రణాళిక తయారైంది: మాంసానికి పెంచే బ్రాయిలర్ పిల్లలు యాభై, గుడ్లకి పెంచే లేయర్ పిల్లలు యాభై. బ్రాయిలర్లు ఆరు వారాల్లో ఎదుగుతాయి, వాటిని అమ్మి నాన్నగారి ముందు తలెత్తుకుని నిలబడతాను. లేయర్లు నిదానంగా ఎదిగి గుడ్లు మొదలుపెడతాయి. అమ్మ విని చెవులు మూసుకుంది. "పెంచి పెంచి వాటిని ఇచ్చేస్తావుటే? పాపం కదూ?" "మనం తినం కదమ్మా" అన్నాను నేను. అదేదో గొప్ప సమాధానమని ఆ వేళ నాకు నిజంగానే అనిపించింది.

నాన్నగారు నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, రెండు చోట్ల ఒత్తులు దిద్ది, తిరిగి ఇచ్చారు. "సరే. ఈ ఒక్క విడత తప్పుల్లేకుండా చేసి చూపించు. చేస్తే ఇక్కడే ఉండు, నేనేమీ అనను. లేదంటే కార్తీకమాసం వెళ్ళగానే, పోలి పాడ్యమి మర్నాడు, హైదరాబాద్ బస్సు ఎక్కాలి. ఒప్పుకుంటావా?" ఒప్పుకున్నాను. ఆ ఒక్క షరతు తప్ప ఆయన వేరే అడ్డు చెప్పలేదు. పైగా ఏ పనైనా మంచిరోజున మొదలుపెట్టాలని ముహూర్తం తనే పెడతానన్నారు. పౌర్ణమి దాటితే పితృపక్షాలు వచ్చేస్తాయి, కొత్తపని పనికిరాదు. అందుకని భాద్రపద శుద్ధ త్రయోదశి ఖాయం చేశారు. నక్షత్రం చూశారు, వర్జ్యం చూశారు, నా తారాబలం చూశారు, పిల్లలు చావిట్లో అడుగుపెట్టాల్సిన వేళ చిన్న చీటీ మీద రాసిచ్చారు. పక్కన కూర్చుని నేను కాగితం మీద ఆరు వారాలు లెక్కపెట్టుకుని, దీపావళికి కాస్త అటూ ఇటూగా చేతికొస్తాయని సంబరపడ్డాను. తండ్రీ కూతుళ్ళం ఇద్దరం కలిసి ఆ పంచాంగమంతా చూశాం. చూడవలసిన ఆ ఒక్కటి మాత్రం మా ఇద్దరికీ కనపడలేదు.

పిల్లల్ని బాపట్ల నుంచి తెచ్చుకున్నాను. అక్కడ హేచరీ ఏజెంటు కన్నాలున్న రెండు అట్టపెట్టెలు చేతికిచ్చి, "ఎర్ర గీత గీసింది బ్రాయిలరు, నీలం గీతది లేయరు. ఇప్పుడు రెండూ పచ్చగా ఒకేలా ఉంటయ్యి, కలపమాకండమ్మా" అని రెండుసార్లు చెప్పాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నాకు చెప్పాలా! ప్యాసింజరు రైల్లో పెట్టెలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెట్టెలు కిచకిచమంటున్నాయి. అప్పికట్ల దాటేసరికి ఎదుటి సీటులో ఉన్న మామ్మగారు ఆగలేకపోయారు. "ఏంటమ్మాయ్ అందులో? ఒక్కసారి మూత తియ్యి, చూసి పెట్టేద్దాం." ఒక్కసారే కదా అని తీశాను. మామ్మగారు ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. పక్కావిడ ఇంకోదాన్ని తీసుకుంది. "అబ్బ, ఎంత మెత్తగా ఉందండీ!" ఆ మాట విని అవతలి వరస వాళ్ళు వచ్చారు. నిడుబ్రోలులో ఎక్కిన పూలబుట్టావిడ బుట్ట కింద పెట్టి మరీ రెంటిని అందుకుంది. రెండో పెట్టె మూత ఎవరు తీశారో నాకు గుర్తులేదు. నేనే అయ్యుంటాను, ఎందుకంటే అప్పటికి నేను ఆ రైలుపెట్టె మొత్తానికి ఉపన్యాసం ఇస్తున్నాను, ఏవి ఎన్ని వారాలకి ఎంత ఎదుగుతాయో, వేటికి ఏ మేత వెయ్యాలో. పూలబుట్టావిడ నా ఫోను అడిగి తీసుకుని నాకో ఫోటో కూడా తీసింది. ఇంతలో "తెనాలి, తెనాలి!" అన్నారెవరో. రైలుపెట్టెలో గాలిదుమారం రేగినట్టయింది. ఎవరి చేతిలో ఉన్నదాన్ని వాళ్ళు, అందిన పెట్టెలో గబగబా వేసేశారు. మామ్మగారు మూతలు నొక్కి, "జాగ్రత్త తల్లీ, చల్లగా పెంచుకో" అని ఆశీర్వదించి మరీ దింపారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్కపెడితే వందా ఉన్నాయి. ఏది ఏదో మాత్రం ఆ మామ్మగారికీ తెలియదు, నాకూ తెలియదు.

అంగలకుదురు చేరేసరికి రాహుకాలం మొదలైంది. చీటీలో నాన్నగారు రాసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. ఇక చేసేదేముంది, పిన్ని వాకిట్లో, ఎండలో, పెట్టెల మీద గొడుగు పట్టుకుని గంటన్నర నిలబడ్డాను. "లోపలికి తీసుకురావే, పిల్లలు సొమ్మసిల్లిపోతాయి" అని పిన్ని, "ఇంకో పావుగంట పిన్నీ" అని నేను. ఆఖరికి రాహుకాలం దాటాక చావిట్లో వరిఊక పరిచి, తడికె చుట్టి, బల్బు వెలిగించి, వందనీ ఒకే దొడ్డిలో వదిలాను. కాస్త పెద్దగా కనిపిస్తే బ్రాయిలరు, కాస్త చురుగ్గా ఉంటే లేయరు అని వేరు చెయ్యడానికి ఒక పూట ప్రయత్నించాను. చురుగ్గా ఉన్నది అలిసిపోయి కూర్చుంటే బ్రాయిలర్లలోకి మారుతోంది. విసిగిపోయి అన్నిటికీ ఒకే మేత వేశాను, ఆ బస్తా మీద బ్రాయిలర్ మేత అని రాసి ఉంది.

రెండు వారాలయ్యేసరికి నా దొడ్డిలో సగం పిల్లలు బొద్దుగా, ఛాతీ విరుచుకుని తయారయ్యాయి. మిగతా సగం సన్నగా, పొడుగు కాళ్ళతో, కంగారు కంగారుగా తిరుగుతున్నాయి. ఒకే మేత, ఒకే నీళ్ళు, ఒకే బల్బు. ఇవెందుకు చిక్కిపోతున్నాయి? వేరుగా పెట్టవలసిన రెండు రకాలు నేనే కలిపానన్న సంగతి బుర్రకి తట్టాలా వద్దా? తట్టలేదు. రోగమే అనుకున్నాను. వీడియోల్లో చూసిన రోగాలన్నీ ఒక్కో రోజు ఒక్కోటి వాటికి అంటగట్టాను. అమ్మకి చెప్తే, పాపం అప్పటిదాకా కోళ్ళ మాట ఎత్తితేనే మొహం తిప్పుకునే మనిషి, మిగిలిన దోసెలు చిన్నముక్కలుగా తుంచి డబ్బాలో పెట్టి ఇచ్చింది. "ఆ బక్కవాటికి వెయ్యి, లావువాటికి కాదు" అని చెప్పి మరీ. (నేను చావిడి నుంచి వచ్చాక పెరట్లో తల మీద నీళ్ళు పోసుకుని, బట్టలు మార్చుకుంటే గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. నా కోళ్ళ బట్టలకి దండెం కూడా వేరు.) దోసెలతో కూడా అవి లావెక్కలేదు. చివరికి బాగా చిక్కినదాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, రెక్క లాగి చూసి, బుట్టలో పెట్టేసింది.

"దీనికేమీ లేదమ్మా. ఇది లేయరు. లేయరు ఇలాగే ఉంటుంది."

"లావెక్కట్లేదండి!"

"లావెక్కకూడదు కూడా. నువ్వు మంచిదానికి మందు అడుగుతున్నావు. జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఆ లావుగా ఉన్నవాటిని. వేళ దాటిపోతే వాటి బరువు అవే మొయ్యలేవు. ఇవాళే రెంటినీ వేరు చేసి, వీటి మేత మార్చు."

వేరు చెయ్యడం ఇప్పుడు పిన్నికి కళ్ళద్దాలు లేకుండా కూడా చేతనవుతుంది, అంత తేటగా ఉన్నాయి. నేను మాత్రం డాక్టరమ్మ మాటల్లో "మంచిది" ఒక్కటే విని, "వేళ దాటిపోతే" అన్నది వదిలేశాను. ఆ రోజుల్లో నా చెవులు అలా పనిచేసేవి.

ఆ తర్వాత నెలరోజులు నిజంగా బంగారు రోజులు. పొద్దున్నే సైకిలేసుకుని వెళ్ళడం, నీళ్ళు మార్చడం, ఊక తిరగెయ్యడం, కొక్కెర తెగులు రాకుండా కంట్లో చుక్కమందు వెయ్యడం. పిన్ని గడప మీద కూర్చుని కబుర్లు చెప్పేది. బ్రాయిలర్లలో ఒకటి రెండడుగులు నడిచి, చుట్టూ ఓసారి చూసి, మేతడబ్బా ముందు చతికిలబడేది. దానికి తాసీల్దారుగారని పేరు పెట్టాం. ఏ ఆదివారమో నాన్నగారు బండి మీద నన్ను దింపడానికి వచ్చినా చావిట్లోకి వచ్చేవారు కాదు, రోడ్డు మీదే నిలబడి, "నీ ప్రాజెక్టు బాగుందా?" అని అడిగేవారు. కోడి అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. బాగుందని చెప్పేదాన్ని. బాగానే ఉండేది కూడా. ఒక్కోసారి ఆ గడప మీద కూర్చుని, హైదరాబాద్ హాస్టల్లో ఆ కిటికీ గుర్తుచేసుకుని, తప్పించుకున్నానని నవ్వుకునేదాన్ని.

దీపావళి ఇంకో అయిదు రోజులుందనగా సెంటర్లో చికెన్ కొట్టు బాబాయ్ వచ్చాడు. నా బ్రాయిలర్లని కొంటానని మాటిచ్చినవాడు ఆయనే. ఒకదాన్ని ఎత్తి బరువు చూసి, "ఏంటి పంతులుగారమ్మాయ్, బాగానే పెంచావే! రెండు కేజీలకి దగ్గర పడ్డయ్యి. దీపావళి లోపే తోలెయ్యమ్మా, రేపు బండి పంపిస్తా" అన్నాడు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. వ్యాపారులు తొందరపెట్టి తక్కువ బరువుకే పట్టుకుపోతారని, మనం గట్టిగా ఉండాలని ఒక వీడియోలో ఎర్రచొక్కా ఆయన చెప్పి ఉన్నాడు. "పండగ వెళ్ళాక చూద్దాం బాబాయ్. ఇంకో అరకేజీ పెరగనివ్వండి" అన్నాను, ఎన్నో బేరాలు చూసినదానిలా. బాబాయ్ ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "పండగెళ్ళాకా?" అన్నాడు. "ఆ, వెళ్ళాకే." "సరే, నీ ఇష్టం తల్లీ" అని వెళ్ళిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. ఇంటికి వెళ్ళి నాన్నగారికి కూడా చెప్పాను. ఆయన మెచ్చుకున్నారు.

దీపావళి మర్నాడు, అమ్మ తెల్లారే లేచి తలస్నానం చేసి దీపం పెట్టుకుంది. నాన్నగారు పంచాంగం ముందేసుకుని నాగులచవితి, క్షీరాబ్ది ద్వాదశి ఏ రోజుల్లో వచ్చాయో చదివి వినిపించారు. ఆ రోజు నుంచి నెలంతా మాకు ఉల్లీ వెల్లుల్లీ బంద్. ఇవన్నీ చూసి, విని, ఉల్లి లేని ఉప్మా తిని, ఆ తర్వాతే సైకిలేసుకుని సెంటరుకి వెళ్ళాను. బాబాయ్ కొట్టు సగం షట్టరు దించి ఉంది. ఆయన నుదుట విభూతి పెట్టుకుని, కుర్చీ బయట వేసుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, ఇక పట్టుకెళ్ళండి. రెండున్నర కేజీలయ్యాయి" అన్నాను.

"ఏం పట్టుకెళ్ళనమ్మా? కార్తీకం వచ్చింది కదా?"

"అయితే?"

బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. "అయితే అంటావేంటమ్మా! నెలరోజులూ ఎవరు తింటారు? మా ఇంట్లోనే పొయ్యి మీద కోడి ఎక్కదు. ఏదో నాలుగిళ్ళవాళ్ళు అడుగుతారు, వాళ్ళకి పెద్ద షెడ్లవాళ్ళే ఇస్తాం ఇస్తాం అని బతిమాలుతున్నారు. అందుకే కదా పండగ లోపు తోలెయ్యమంది?"

"మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా బాబాయ్?"

"నేను చెప్పాలా? పంతులుగారమ్మాయివి! తిథులూ మాసాలూ నాకంటే నీకే బాగా తెలుసు కదా, ఏదో ఆలోచించే ఉంటావనుకున్నా!"

తెలుసు. పోలి స్వర్గం కథతో సహా తెలుసు. కానీ మాకు ఆ విషయంలో పన్నెండు నెలలూ కార్తీకమే. ఆ నెలలో మిగతా ఊరంతా ఒకటి మానేస్తుందనీ, ఆ మానేసేది ఫలానా అనీ, అది నేను చావిట్లో యాభై పెంచుతున్నాననీ, ఈ మూడూ నా బుర్రలో మూడు వేరు వేరు గదుల్లో ఉండిపోయాయి. ఇంటికొచ్చి నాన్నగారికి చెప్పాను. ఆయన పంచాంగం తీసి, భాద్రపదం దగ్గర వేలు పెట్టి, కణుపులు లెక్కపెట్టుకుంటూ ఆశ్వయుజ అమావాస్యదాకా వచ్చి, మూసేశారు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. బ్రాయిలర్లు తింటున్నాయి, పెరుగుతున్నాయి. వాటికి ఆగడం తెలియదు. మూడు కేజీలు దాటేసరికి సగం నడవడం మానేశాయి. మేతడబ్బాలు నేనే వాటి ముందుకు జరిపేదాన్ని. మధ్యాహ్నం వేళ నోళ్ళు తెరుచుకుని రొప్పుతుంటే తడిగోనెలు కట్టి, పిన్నీ నేనూ అట్టముక్కలతో విసిరేవాళ్ళం. ఒక పొద్దున వెళ్ళేసరికి ఒకటి కూర్చున్నచోటే చనిపోయి ఉంది. నేను ఊకలో కూలబడి ఏడ్చాను. "మనం తినం కదమ్మా" అని అమ్మతో అన్న మాట గుర్తొచ్చింది. దాని ప్రాణం పోయింది ఎవరి పళ్ళెం కోసమూ కాదు, నా తెలివి కోసం. ఆ వారంలో ఇంకో అయిదు పోయాయి.

గట్టెక్కించింది మళ్ళీ బాబాయే. ఒక మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చి, "అమ్మాయ్, రేపల్లె దగ్గర పెళ్ళి ఉందంట. చర్చి పెళ్ళి, వాళ్ళకి కార్తీకంతో పనిలేదు. భోజనాలకి పెద్ద సైజు కోళ్ళే కావాలంటున్నారు. నీ అంత పెద్దవి ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేవు!" అన్నాడు. అది పొగడ్తో కాదో నాకు అర్థం కాలేదు. మర్నాడు పొద్దున్న వ్యాను వచ్చింది. ఒక్కోదాన్ని రెండు చేతులతో ఎత్తి అందించాను, వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. ఆఖరున తాసీల్దారుగారిని ఎత్తితే అది నా మోచేతి మడతలో తల పెట్టుకుని నిద్రపోయింది. వ్యాను రేపల్లె రోడ్డెక్కేదాకా చూసి, చావిట్లోకి వచ్చి, ఖాళీ అయిన సగంలో కూర్చున్నాను. అవతల సగంలో బక్క లేయర్లు యాభై, నా వైపు మెడలు చాచి, మేత ఏదీ అన్నట్టు చూస్తున్నాయి.

కార్తీక పౌర్ణమి నాడు అమ్మా నాన్నగారూ సముద్రస్నానానికి బాపట్ల సూర్యలంక వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు గానీ లేయర్లకి మేత వెయ్యాలని ఆగిపోయాను. అసలు సంగతి, మొహం చెల్లలేదు. తప్పుల్లేకుండా చేసి చూపించమన్నారు. పిల్లల్ని రైల్లో కలిపేశాను, మంచివాటికి రోగమన్నాను, అమ్మమన్నప్పుడు అమ్మలేదు, ఆరు ప్రాణాలు తీశాను. ఇంక నాన్నగారి చేత చెప్పించుకోవడమెందుకని, మధ్యాహ్నం ఇంటికొచ్చి అటక మీది సూట్‌కేసు దింపి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. నాలుగు చుడీదార్లు పెట్టేసరికి వాళ్ళు తిరిగొచ్చారు. నాన్నగారి చేతిలో తడి తువ్వాలు మూట. ఆయన సూట్‌కేసు వంక చూశారు. మూట తెచ్చి నా ముందు విప్పారు. నిండా గుల్లలు, ఆల్చిప్పలు. ఇసుక ఇంకా తడిగా ఉంది.

"గుడ్డు పెంకు గట్టిగా ఉండాలంటే సున్నం కావాలిట. ఇవి దంచి మేతలో కలపాలిట. పుస్తకంలో చదివాను" అన్నారు.

గుడ్డు అన్న మాట మా ఇంట్లో ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నేను తెల్లబోయి, "ఇప్పుడే పెట్టకూడదు నాన్నగారూ. చిన్నవి కదా, వాటికి చెరుపు చేస్తుంది. గుడ్డుకొచ్చే ముందు పెట్టాలి" అన్నాను. (అది మాత్రం నాకు నిజంగా తెలుసు. డాక్టరమ్మ చెప్పింది.)

"ఎప్పటికొస్తాయి?"

"మాఘమాసానికి."

"అయితే మాఘం దాకా దాచిపెట్టు."

గుల్లల వంకా, సూట్‌కేసు వంకా చూశాను. "పోలి పాడ్యమి మర్నాడే కదా నాన్నగారూ బస్సు? నేను అన్నీ తప్పులే చేశాను."

నాన్నగారు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. "ముహూర్తం పెట్టింది ఎవరు? అసలు తప్పు అక్కడుంది. మాస్టారి తప్పుకి పిల్లకి మార్కులు ఎలా తగ్గిస్తానమ్మా?" అన్నారు. వంటింట్లోంచి అమ్మ, "ఆ మీనమేషాలు తర్వాత. ముందు ఆ సూట్‌కేసు అటకెక్కించండి, కాళ్ళకి అడ్డంగా ఉంది" అంది. నేను ఆ గుల్లలు ఒక్కొక్కటే కడిగి, ఆరబెట్టి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, డబ్బా మీద "మాఘం" అని రాశాను. రాస్తుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అనుకున్నట్టే మాఘం మొదట్లో ఒక పొద్దున్న ఊకలో ఓ మూల తెల్లగా కనిపించింది. చిన్న గుడ్డు, నిమ్మకాయంత. పిన్ని ఫోను చేస్తే నాన్నగారు బడికి వెళ్ళాల్సినవారు బండి ఇటు తిప్పారు. ఆ రోజే మొదటిసారి గడప దాటి చావిట్లోకి వచ్చారు. అరచేతిలో పెడితే ఆయన చెయ్యి కదపలేదు. "వెచ్చగా ఉందే!" అన్నారు. కాసేపు ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆ తర్వాత వచ్చింది అసలు సమస్య. దీన్ని ఏం చెయ్యాలి? మా ఇంటికి తీసుకెళ్ళలేం, దాచుకోలేం. చివరికి పిన్ని అట్టు వేసుకుని తింది, మేం వాకిట్లో నిలబడి ఆవిడ మొహం చూశాం. "ఎలా ఉందమ్మా?" అని నాన్నగారే అడిగారు. "గుడ్డు గుడ్డులాగే ఉంది పంతులుగారూ" అంది పిన్ని. నా మొదటి గుడ్డు రుచి గురించి నాకు తెలిసింది ఇప్పటికీ అంతే.

పదేళ్ళు దాటింది. బ్రాయిలర్లు మళ్ళీ పెంచలేదు, మనసొప్పలేదు. లేయర్లే నా బతుకయ్యాయి, పిన్ని చావిడి చాలక నందివెలుగులో షెడ్డు వేసుకున్నాను. నాన్నగారు రిటైరయ్యారు గానీ ఊరికే కూర్చోవడం లేదు. బాబాయ్ చేసిన ప్రచారం వల్ల, చుట్టుపక్కల బ్రాయిలర్లు పెంచేవాళ్ళు పిల్లల్ని దించుకునే ముందు ఆయనకి ఫోను చేస్తారు. ఆయన పంచాంగం ముందేసుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, "వినాయకచవితి లోపు దింపేసుకోండి. అది దాటితే ఇక దీపావళి వెళ్ళాకే" అని చెప్తారు. అంతా అయ్యాక, గొంతు తగ్గించి, "అవి బాగున్నాయా?" అని అడుగుతారు. కోడి అన్న మాట ఇప్పటికీ అనరు. ఇప్పుడు మేతలో కలపడానికి గుల్లపొడి బస్తాలతో దొరుకుతుంది. అయినా ప్రతి కార్తీక పౌర్ణమికీ సూర్యలంక నుంచి తడి తువ్వాలు మూట వస్తూనే ఉంది. నేను దంచి కలుపుతూనే ఉన్నాను.

మొన్న పాత ఫోను తెరిస్తే పూలబుట్టావిడ తీసిన ఫోటో బయటపడింది. రైలు కిటికీ పక్కన ఒకమ్మాయి, ఒళ్ళో మూతలు తెరిచిన రెండు పెట్టెలు, చెయ్యి గాల్లోకి లేపి ఎవరికో ఏదో పాఠం చెప్తోంది. వెనకాల మామ్మగారు ఒక కోడిపిల్లని ఎర్రగీత పెట్టెలోంచి తీసి, జాగ్రత్తగా, ఎంతో ప్రేమగా, నీలంగీత పెట్టెలో పెడుతున్నారు. ఆ అమ్మాయి అటు చూడనే లేదు. వెనక్కి తిరిగి చూడవే పిచ్చిమొహమా అని అనబోయి, ఆగిపోయాను. ఒక్క తప్పూ లేకుండా అన్నీ దిద్దుకుంటూ వచ్చి ఉంటే మా నాన్నగారు ఆ వయసులో, ఆ ఎండలో, సముద్రం ఒడ్డున వంగి నా కోసం గుల్లలు ఏరేవారు కారు. చెప్పుకోనివ్వండి, పాపం, తెనాలి వచ్చేదాకా ఆ పిల్లకి అన్నీ తెలుసు.